ఎవరికెంత చోటు

ఎంత కావాలి అని అడుగుతోంది తెర. నల్లటి తెర, తెల్లటి గడి, గడిలో మిణుకు మిణుకుమనే ఒక చిన్న గీత. నేను అంకె వేసేదాకా అది అలా కొట్టుకుంటూనే ఉంటుంది, దానికేం తొందర, తొందరంతా నాదీ ఇక్కడి మేనేజరు ఇమ్మానియేలు గారిదీ. భోజనాల వేళ. గేటు అవతల లారీలు వరసగా ఆగిపోయాయి, హమాలీలు మిరపకాయ బస్తాల మీదే, టిక్కీలంటారు ఇక్కడ, తువ్వాళ్ళు పరుచుకుని నడుం వాల్చారు, మళ్ళీ తూకాలు మొదలయ్యేలోపు ఈ కొత్త సర్వరు లేచి కూర్చోవాలి. సర్వరంటే పెద్ద వింతేం కాదు, ఎవరి టిక్కీలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో, గదిలో చలి ఎంతుందో, గేట్లోంచి ఏ బండి వచ్చి ఏ బండి పోయిందో గుర్తుపెట్టుకునే పెట్టె. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ముందు లోపలున్న డిస్కుని భాగాలు వెయ్యాలి, సిస్టమ్ ఉండటానికింత, రోజువారీ రాతలకింత, మనుషులు దాచుకునేవాటికింత అని. మామూలుగా అయితే నాకిది చిటికెలో పని. పత్తి మిల్లుల్లో, పొగాకు గోడౌన్లలో, ఇలాంటి కోల్డ్ స్టోరేజీల్లో ఎన్నిచోట్ల వేశానో, చెయ్యి దానంతటదే పోతుంది. ఇవాళ పోవటం లేదు. ఈ గదికి ఒక గోడ అవతల చలి, ఇంకో గోడ అవతల గుంటూరు ఎండ. చలిగోడకి వీపు ఆనించి కూర్చున్నాను. నా వీపు వెనక చీకట్లో వేల టిక్కీలు చప్పుడు చెయ్యకుండా ధర కోసం ఎదురుచూస్తున్నాయి. ముఖానికి మాత్రం కిటికీలోంచి వడగాలి. ఘాటు ముక్కుకి పట్టి తుమ్ము వస్తానంటుంది, రాదు. పొద్దుటి నుంచి నా బతుకు ఆ రాని తుమ్ములాగే ఉంది.

పొద్దున స్కూటరు బయటికి తీస్తుంటే సిద్దికా ఫోను. సిద్దికా అంటే నేను చేసుకోబోయే మనిషి, అన్నీ కుదిరితే. చీరాలలో ఒక కళ్ళద్దాల కొట్లో చూపు పరీక్ష చేస్తుంది, పై అక్షరం కనపడుతోందా, ఇప్పుడు కనపడుతోందా, ఇది బాగుందా అది బాగుందా అని రోజంతా జనాన్ని అడుగుతూ ఉంటుంది. దానివల్లనో ఏమో మాటల్లో డొంకతిరుగుడు ఉండదు. నిన్న వాళ్ళన్నయ్య అయూబ్‌తో కలిసి మా ఇల్లు చూడటానికి వచ్చింది, టీ తాగింది, వెళ్ళింది. పొద్దున ఫోన్లో అంది, “బాజీ గారూ, ఇల్లు బాగుందండీ. కానీ అందులో నాకు చోటెక్కడో కనపడలేదు.” నేనేదో నసిగాను. “ఇప్పుడే చెప్పక్కర్లేదు. సాయంత్రం అన్నయ్య తేదీ మాట్లాడటానికి ఖాజీ గారి దగ్గరికి వెళ్తున్నాడు. ఆ లోపల చెప్పండి చాలు. కనపడకపోతే కనపడట్లేదనే చెప్పండి, నాకేం కోపం రాదు, రోజూ వినే మాటే.” పెట్టేసింది. కోపం రాదంటే కోపం రాదనే. కాకపోతే తేదీ కూడా ఉండదు. అంత నెమ్మదిగా అంత పెద్దమాట చెప్పొచ్చని నాకు తెలీదు. ఖుర్షిదా అయితే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడేలా చెప్పేది. ఖుర్షిదా నా భార్య. పోయి నాలుగేళ్ళవుతోంది, డెంగీ జ్వరం, వానాకాలం. ఇప్పటికీ నా భార్య అనే అంటాను, ఉండేది అని నోరు తిరగదు. అదుగో, గీత మళ్ళీ కొట్టుకుంటోంది. ఎంత కావాలి, ఎంత కావాలి అంటే ఏం చెప్తాం.

ముందు రూట్. రూట్ అంటే సిస్టమ్ కాపురముండే గది, దానికి ఎక్కువ అక్కర్లేదు కానీ ఎప్పుడూ ఇరుకు కాకూడదు. యాభై జీబీ వేశాను. పాత పెట్టెకి ఎవరో మహానుభావుడు భాగాలే వెయ్యకుండా డిస్కంతా ఒకే కుప్ప చేసి వదిలేశాడు. గేటు దగ్గర కెమెరా తీసే బొమ్మలు, చలి లెక్కలు, సిస్టమ్, అన్నీ ఒకే చోట. బొమ్మలు పెరిగాయి, పెరిగాయి, నిరుడు టిక్కీలు దిగే రోజుల్లో ఒక పొద్దున పెట్టె లేవలేదు. లేవటానికి కూడా కాస్త చోటు కావాలి, మనిషికైనా మంచం దిగాలంటే కాలు పెట్టేంత నేల ఉండాలి కదా. బయట రైతులు చీటీలు పట్టుకుని నిలబడ్డారు, ఎవరి కాయలు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు, ఒక పెద్దాయన వరస వరసకీ వెళ్ళి బస్తాలకి ముక్కు ఆనించి వాసన చూస్తూ తన కాయ వెతుక్కున్నాడు, దొరికిందంటారు, నేనైతే నమ్మను. ఇమ్మానియేలు గారు తలుపు తోసి లోపలికి తొంగిచూశారు. మంచివాడే, సణుగుడు ఎక్కువ. “ఏమయ్యా బాజీ, అవుతోందా?” అవుతోందండి అన్నాను. “పాత బొమ్మలన్నీ ఇందులోకి రావాలి. ఒక్కటీ పోకూడదు.” ఎనిమిదేళ్ళవి ఉన్నాయండీ, లారీలు, లారీల కింద పడుకున్న కుక్కలు, ఎవరు చూస్తారండీ అన్నాను. “ఎవరూ చూడరు. పడుంటే నష్టమేంటి?” అని తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

పడుంటే నష్టమేంటి. పడుంటే అన్నం అడుగుతాయా. ఇది ఖుర్షిదా మాట. అటక మీద సీసాల మూతలు, ఎవరెవరి పెళ్ళికార్డులో, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు, తెగిన చెప్పుల జతలో తెగని చెప్పు, నేను ఒక్కటి పారేద్దామని తీస్తే చాలు, పడుండనీయ్యి, నిన్నేమన్నా అన్నం అడిగాయా అనేది. దాని గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అద్దె కడుతూ కడుతూ చివరికి కొనుక్కున్న ఇల్లు, బయట చిన్న వరండా, లోపల ముందుగది, పడగ్గది, వంటిల్లు, అంతే. ఆ మూడు గదుల్నీ అది అంగుళం వదలకుండా నింపింది, నాకు నా పని సామానుకి ఒక సజ్జ ఇచ్చింది, అది కూడా దసరా సెలవుల్లో జాకెట్ల గిరాకీ వస్తే వెనక్కి తీసుకునేది. పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ముక్కలన్నీ అలాగే ఉన్నాయి, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఎవరిదో కూడా తెలీదు, ఎవరూ వచ్చి అడగలేదు, నేను తియ్యలేదు. చెయ్యి పెడితే ఆ గొంతు వినపడుతుందేమోనని ఒక భయం, వినపడదేమోనని ఇంకో భయం.

నిన్న సిద్దికా ఎలా కూర్చుందో ఇప్పుడు కనపడుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ కనపడలేదు, ఇక్కడ ఈ ఘాటులో కళ్ళు మండుతుంటే కనపడుతోంది. లోపలికి వచ్చింది, చెప్పులు ఎక్కడ విడవాలా అని చూసింది, గుమ్మం పక్కన ఖుర్షిదా చెప్పులున్నాయి, వాటిని జరపకుండా తన చెప్పులు మెట్టు మీద విడిచింది. కుర్చీ మీద బట్టల మూట ఉంటే అయూబ్ దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తెలీక మళ్ళీ అక్కడే పెట్టాడు. సిద్దికా దివాన్ అంచు మీద కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళోనే పెట్టుకుంది. టీ తాగినంతసేపూ ఒళ్ళోనే. పక్కన పెడదామంటే పక్కన దారపు ఉండల డబ్బా, ముందు టీపాయి మీద కత్తెరలు, కింద పెడదామంటే లైనింగు గుడ్డ చుట్ట. ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో సంచీ, బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది మనిషి మా ఇంట్లో. వంటింట్లోకి తొంగిచూసి, “డబ్బాలన్నిటికీ పేర్లు రాసున్నాయే” అంది. అవును, ఖుర్షిదా రాసింది, ఉప్పు డబ్బాకి కూడా ఉప్పు అని. పడగ్గదిలో బీరువా తెరవలేదు, దాని ముందు నిలబడి అద్దంలో ఒకసారి తన ముఖం చూసుకుంది, అంతే, అద్దం మీద అతికించిన బొట్టుబిళ్ళలు చూసింది, మా దూదేకుల ఇళ్ళల్లో బొట్టూ ఉంటుంది నమాజూ ఉంటుంది, సిద్దికా వాళ్ళింట్లో బొట్టు ఉండదు. నాకేమో అంతా బాగా జరిగిందనిపించింది, గాడిదని, అయూబ్‌కి ఇంకో కప్పు టీ పోశాను.

వార్. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. వార్‌లో మిషను తన రోజువారీ సంగతులు రాసుకుంటుంది, ఈ క్షణాన ఎవరొచ్చారు, ఏది తెరిచారు, ఏది తెరుచుకోలేదు, ఎక్కడ చలి తగ్గింది. ఎవరూ చెప్పక్కర్లేదు, అదే రాసుకుంటుంది, ఆపదు, ఉబ్బుతుంది. దాన్ని వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యకపోతే సిస్టమ్‌కి ఊపిరాడదు. నేను కూడా రాసుకుంటూనే ఉన్నాను నాలుగేళ్ళ నుంచి. ఆసుపత్రి కిటికీ మీద వాన ఎలా కారిందీ, పక్క మంచం మీది ముసలమ్మ ఏం తిన్నదీ, నర్సు చేతిగాజు ఎలా చప్పుడయిందీ, ఖుర్షిదా నోరెండిపోయి, ఆ పెద్ద గొంతు పోయి, సైగతో దుప్పటి తియ్యమన్నదా కప్పమన్నదా, నేను కప్పాను, తియ్యమందేమో. తియ్యమందేమో. ఇదొక్కటే ఎన్నిసార్లు రాసుకుని ఉంటానో, అదే వాక్యం, అదే వాక్యం, మిషన్లలో కూడా ఇలా అవుతుంది, ఒకే తప్పు క్షణక్షణానికీ రాసుకుంటూ పోయి డిస్కంతా నిండిపోతుంది, తెరిచి చూస్తే ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే లైను. అలాంటప్పుడు నేనేం చేస్తానంటే దానికొక హద్దు పెడతాను, ఇంత దాటితే పాతది చెరిగిపోవాలి అని. పరాయివాళ్ళ మిషన్లకి పెడతాను. వార్‌కి నాలుగువందలు వేశాను. మళ్ళీ కొట్టేసి ఆరువందలు వేశాను.

స్వాప్‌కి ఎంత వెయ్యాలా అనుకుంటూ వీపు ఇంకాస్త గోడకి ఆనించాను. మెలకువలో పట్టనివాటిని కాసేపు పక్కన పెట్టుకునే చోటు స్వాప్. అంతా సాఫీగా ఉంటే దాని అవసరం రాదు. చలి వీపులోంచి పాకి మెడ దాకా వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి, కంప్రెసరు ఎక్కడో భూమి అడుగున మూలుగుతున్నట్టుంది. ఎర్రగా కనపడుతోంది, ఊరవతల కల్లాల్లో కాయ ఆరబోసిన ఎరుపు, కళ్ళు మూసినా ఆగని ఎరుపు, దాని మధ్య గట్టు మీద ఖుర్షిదా నడుస్తోంది, కొంగుతో ముక్కు మూసుకుని, ఏదో అరుస్తోంది, గొంతు రావటం లేదు. తర్వాత ఎరుపు పలచబడి నీలమవుతుంది, అది కల్లం కాదు, వాడరేవు, వలల మీద చేపలు ఎండబెట్టారు, అయూబ్ ముందు నడుస్తున్నాడు, వెనక నేనూ సిద్దికా, అది మేము రెండోసారి కలుసుకున్న రోజు. సిద్దికా నీళ్ళ చివర చూపించి అక్కడ పడవలెన్నో చెప్పండి అంది. చెప్పాను. చేతిలో వేరుశనక్కాయల పొట్లం కాగితం చూపించి ఇది చదవండి అంది. చెయ్యి చాపి దూరం పెట్టుకుంటే గానీ చదవలేకపోయాను. “మీకు దూరం బ్రహ్మాండంగా ఉందండీ, దగ్గరదే తేడా,” అని నవ్వింది, చిన్న నవ్వు, గాలికి ఎగిరిపోయేంత. నలభై దాటితే అందరికీ అంతేనట. ఆ రోజు ఇంటికి వస్తూ వస్తూ ఆ నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంతోషంగా ఉంది, ఆ మాట పైకి అనటానికి సిగ్గు, సంతోషంగానే ఉంది. బాపట్ల దాటేలోపు సంతోషం మీద కోపం వచ్చింది.

ఉలిక్కిపడి లేచాను. టుంయ్ అని ఒక చప్పుడు. ఏమీ కాదు, బయట ఎవడో లారీ తాడు బిగిస్తున్నాడు. బిగిసిన తాడు మీద వేలితో కొట్టి చూస్తారు, టుంయ్, మా నాన్న విల్లులాగే. నాన్న పేరు హయాత్, దూది ఏకి పరుపులు కుట్టేవాడు, భుజాన విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు, నారి మీద కర్రతో కొడుతుంటే గింజలూ దుమ్మూ ఒక పక్కకి రాలి దూది పొగలా లేచేది, ఆ పొగలో ఆయన మీసాలు, కనురెప్పలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ తెల్లబడి, సాయంత్రానికి మా తాతకంటే పెద్దవాడుగా కనపడేవాడు. పరుపు కుడితే నాన్నది ఒకటే పద్ధతి. గుడ్డనిండా దూది కుక్కడు. కాస్త వదులుగా ఉంచి, ఒక మూల కుట్టకుండా వదిలేసి, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఎండలో పడేస్తాడు. ఇంటివాళ్ళకి అనుమానం, దూది తక్కువేశావు హయాతూ, పరుపు వెలవెలపోతోంది అని దెప్పేవాళ్ళు. నాన్న బీడీ పక్కకి తీసి, “ఎండ చూడనివ్వమ్మా, దూదికి ఊపిరి రానీ” అనేవాడు. సాయంత్రానికి అది నిజంగానే పొంగేది. అప్పుడు చెయ్యి పెట్టి చూసి, కావాలంటే ఇంకో గుప్పెడు వేసి, ఆ మూల కుట్టేవాడు. ముందే కుక్కితే ఏమవుతుంది నాన్నా అని అడిగితే, రాయవుద్దిరా, దాని మీద పడుకున్నోడు మనల్ని తిట్టుకుంటాడు అనేవాడు. మా పెళ్ళికి నాన్న కుట్టిందే ఆఖరి పరుపు, ఆ తర్వాత చేతులు వణికి విల్లు దించేశాడు. అందులో సగం మా అమ్మ పరుపులోని పాత దూది, సగం కొత్తది, పాతదాన్ని మళ్ళీ ఏకితే తెలీదురా ఏది ఏదో, కానీ ఏకాలి, ఏకకుండా గడ్డలు గడ్డలుగా వేస్తే వెన్నుకి గుచ్చుకుంటాయి అన్నాడు.

తెర వైపు చూశాను. నిద్రమత్తులో ఎప్పుడు వేశానో, పాత బొమ్మల భాగానికి మిగిలినదంతా ఇచ్చేశాను. ఖాళీ అన్నచోట సున్నా. డిస్కు కొత్తది, ఇంకా అట్టపెట్టె వాసన కూడా పోలేదు, అప్పుడే నిండిపోయింది, అదీ ఎవరూ చూడని లారీలతోటీ కుక్కలతోటీ. ఈ తప్పు నేను వేరే ఎవరికైనా చెయ్యనిస్తానా. నేను వేసే పద్ధతికి ఒక గుణం ఉంది, ఒకసారి ఇచ్చిన భాగాన్ని రేపు పెంచొచ్చు, తగ్గించటం మాత్రం కుదరదు. ఇచ్చింది వెనక్కి తీసుకోవాలంటే ఒకటే దారి, అందులో ఉన్నదంతా బయటికి తీసి, ఆ భాగాన్ని పూర్తిగా తీసేసి, చిన్నదిగా మళ్ళీ వేసి, పట్టినంత లోపల పెట్టాలి. అందుకే తెలిసినవాడు ముందు తక్కువ ఇస్తాడు, మిగిలింది ఎవరి పేరా రాయకుండా ఉమ్మడిలో వదిలేస్తాడు, ఎవరికి ఇరుకైతే వాళ్ళకి అందులోంచి తీసి కలుపుతాడు. ఖుర్షిదాకి నేను అంతా ఇచ్చాను. అప్పుడు ఇవ్వటానికి ఇంకెవరున్నారు కనుక. తప్పేం లేదు అందులో, సంతోషంగానే ఇచ్చాను, ఇచ్చి పోట్లాడాను. ఇప్పుడు బయటికి తియ్యాలి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవాలి, ఏది ఉంచాలో ఏది వద్దో ఖుర్షిదాని అడగకుండా నేనే చెప్పాలి. నాలుగేళ్ళుగా నేను తప్పించుకు తిరుగుతున్న పని ఇదే, దీనికి దుఃఖం అని పేరు పెట్టుకున్నాను.

ఇక్కడ ఇంకా సరే అని నొక్కలేదు కనక సున్నా కొట్టేశాను. పాత బొమ్మలకి సరిగ్గా అవి పట్టేంత, దానికి తలుపు, ఇక అది పెరగదు. వార్‌కి ఆరువందలు, మనుషులు దాచుకునే హోమ్‌కి కొంచెం, స్వాప్‌కి కొంచెం. మిగిలినది ఎవరికీ ఇవ్వలేదు. లోపల వేరే లెక్క నడుస్తోంది, వేళ్ళు ఇక్కడ, మనసు అక్కడ. బీరువా కుడివైపంతా ఖాళీ చెయ్యాలి. ఎడమవైపు పై అర ఒక్కటి ఖుర్షిదాది, పెళ్ళిచీర, వాళ్ళమ్మ ఇచ్చిన దుప్పటి, ఇంకేం వద్దు. కుట్టుమిషను కిటికీ పక్కకి. సగం కుట్టిన జాకెట్టు ఎవరిదో వీధిలో అడగాలి. చెప్పులు, చెప్పులు గుమ్మంలోంచి తీసెయ్యాలి. డబ్బాల మీద పేర్లు ఉండనీ, ఉప్పు ఎవరు వేసినా ఉప్పే. ఇమ్మానియేలు గారు మళ్ళీ వచ్చి నా భుజం మీదుగా తెర చూసి అదిరిపడ్డారు. “ఇదేంటయ్యా, సగానికి సగం ఖాళీగా వదిలేశావు? కొన్న డిస్కు!” “ఎండ చూశాక పొంగుద్దండీ,” అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. “ఎండేంటి?” అన్నారాయన, నాకు వడదెబ్బ తగిలిందేమోనని పరీక్షగా చూస్తూ. రేపు కెమెరాలు పెరిగితే ఇందులోంచి ఇస్తానండీ, ఇప్పుడే పంచేస్తే మళ్ళీ వెనక్కి రాదు అని చెప్పాను. “ఏమో, నీ ఇష్టం, మళ్ళీ ఆగిందో నీ సంగతి చెప్తా,” అని టీ పంపిస్తానంటూ వెళ్ళారు. పంపించరు, నాకు తెలుసు.

డిస్కు మీద ఉన్నదంతా పోతుంది, సరేనా అని తెర ఆఖరిసారి అడిగింది. కొత్త డిస్కు, దాని మీద ఏమీ లేదు, ఉన్నా లేకపోయినా అడగటం దాని ధర్మం. నా వేలు మాత్రం ఆగింది. బయట హమాలీలు లేస్తున్నారు, ఎవరో ఎవరినో ఒరేయ్ ఆ టిక్కీ ఇటు తిప్పరా అంటున్నారు, ఎండ కిటికీ చువ్వల దాకా జరిగింది. సరే అని నొక్కాను. గీత కొట్టుకోవటం ఆగి, అక్షరాలు కింది నుంచి పైకి పరుగెత్తటం మొదలుపెట్టాయి. వాటి పని అవి చేసుకుంటాయి. ఫోను తీసి, దూరంగా పట్టుకుని, సిద్దికా పేరు వెతికి నొక్కాను.

“చెప్పండి బాజీ గారూ.” వెనక కొట్లో ఎవరో పెద్దాయన గట్టిగా అక్షరాలు చదువుతున్నాడు. ఆమె ఆయనతో ఒక్క నిమిషం బాబాయ్ అని పక్కకి వచ్చినట్టుంది, చదవటం దూరమైంది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పడగ్గది మీదండీ, మొత్తం. బీరువా కుడివైపు మీది, ఎడమవైపు పై అర ఒక్కటి ఖుర్షిదాది, అది మాత్రం ఉంచుతాను, మిగతాది ఎవరిదీ కాదు, మెల్లగా చూసుకుందాం. ముందుగదిలో దివాన్ మీద సామాను ఉండదు, టీపాయి ఖాళీ. మిషను కిటికీ పక్కన ఉంటుంది, మీకు అడ్డమైతే చెప్పండి. వంటింట్లో మీ ఇష్టం. అటక మీదివి దించుతాను, ఈ శుక్రవారం కాదు పై శుక్రవారం కల్లా. సంచీ పెట్టుకోవటానికి గుమ్మం పక్కన ఒక కొక్కెం కొడతాను. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఖుర్షిదా పేరు ఆమెతో అనటం అదే మొదటిసారి, అన్నాక ఏమీ కూలిపోలేదు. ఆమె ఎక్కడా అడ్డు రాలేదు, ఆఖరి లైను దాకా చదవనిచ్చి వినే అలవాటు కదా.

“అన్నీ చెప్పారు,” అంది. “బాగుందండీ. నాకు కనపడింది. మరి మీరెక్కడ?”

“నేనా?”

“ఆవిడకి చెప్పారు, నాకు చెప్పారు. మీరెక్కడుంటున్నారు ఆ ఇంట్లో?”

అక్షరాలు పరుగెత్తుతున్నాయి తెర మీద, ఒక్కటీ అందటం లేదు. అబద్ధం చెప్పొచ్చు, ఉన్నాను కదండీ, ఇంట్లోనే అని నవ్వెయ్యొచ్చు. ఇది ఎవరూ అడగలేదు నన్ను, మా అక్కచెల్లెళ్ళు అడగలేదు, పక్కింటివాళ్ళు చూస్తూ కూడా అడగలేదు.

“వరండాలో,” అన్నాను. “మడతమంచం వేసుకుని పడుకుంటానండీ. తను పోయిన కాడి నుంచి అక్కడే. లోపలికి స్నానానికీ బట్టలకీ వెళ్తాను, అంతే. వానొచ్చినా అక్కడే, పట్టా కట్టుకుంటాను.”

అటువైపు పెద్దాయన దూరంగా చదువుతూనే ఉన్నాడు, తప్పు చదివి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఏడుపు వచ్చింది నాకు, ఆపుకోలేదు, మిరపకాయల గోడౌన్లో ఎవరు ఏడ్చినా ఎవరూ ఏమీ అనుకోరు.

“తేదీ వచ్చే నెలకి అడగమని అన్నయ్యకి చెప్తాను,” అంది సిద్దికా. “ముందు మీరు ఇంట్లోకి రండి. తర్వాత నేనొస్తాను.”